వాగు దాటాక స్టీరింగ్ బరువెక్కితే ముందు ఏం చూడాలి?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2012 మోడల్ డీజిల్ ఫోర్ బై ఫోర్, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. చందంపేట దాటి సాగర్ బ్యాక్ వాటర్ వైపు మట్టిబాటలో పోతూ వాగులో దిగారు. అవతలి గట్టు ఎక్కి బండ నేల మీదికి రాగానే స్టీరింగ్ గట్టిపడింది, ముందు నుంచి మూలుగుతున్నట్టు చప్పుడు, బండి కింద ఎర్రగా నాలుగు చుక్కలు. స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో నూనె అడుగంటిందని చూసి, స్నేహితుడి దగ్గరున్న బ్రేక్ ఆయిల్ సగం సీసా పోసి దేవరకొండ దాకా తెచ్చారు. షెడ్డులో పంపు, స్టీరింగ్ బాక్సు రెండూ మార్చాలంటున్నారు. మార్చాలా వద్దా అని అడిగావు. మళ్లీ ఎప్పుడైనా అడవిబాటలో ఇట్లా అయితే ఏం చేయాలో కూడా చెప్పమన్నావు.

మిగతాది తర్వాత చదువుకో, ముందు షెడ్డుకు ఫోన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పు. స్టీరింగ్‌లో బ్రేక్ ఆయిల్ పోయకూడదు. పేరులో ఆయిల్ అని ఉన్నా మామూలుగా దొరికే బ్రేక్ ఆయిల్ అసలు నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. స్టీరింగ్ పంపులో, బాక్సులో ఉండే రబ్బరు సీళ్లు మినరల్ నూనెకు తగ్గట్టు చేసినవి. వాటికి గ్లైకాల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి, తర్వాత చిరుగుతాయి. అది ఎంతసేపు లోపల ఉంటే అంత నష్టం. నువ్వు ఒక్క ప్రయాణమే చేశావు కాబట్టి సీళ్లు బతికే అవకాశం బాగానే ఉంది, కానీ రోజులు గడిపితే ఉండదు. ఈ రోజే తీయించు.

తీయించే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది డబ్బాలో ఉన్నది సిరంజితో లాగేసి కొత్తది పోసి అయిపోయిందంటారు. డబ్బాలో ఉండేది కొంతే, మిగతాదంతా పంపులో, పైపుల్లో, బాక్సులో ఉంటుంది. ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టాలి. డబ్బాకు తిరిగొచ్చే పైపు విప్పి, దాని కొసను ఖాళీ సీసాలో పెట్టాలి. డబ్బా వైపు ఖాళీ అయిన మూతికి బిరడా వేయాలి. ఇంజిన్ ఆపే ఉంచి ఒకరు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పుతుంటే, ఇంకొకరు డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. సీసాలోకి శుభ్రమైన ఎర్ర ఆయిల్ వచ్చేదాకా ఇదే పని. ఒక లీటరుతో అయిపోదు, రెండు మూడు లీటర్లు దగ్గర పెట్టుకో. రెండు రోజులు నడిపి ఇంకోసారి కడిగిస్తే మంచిది. పాత హైడ్రాలిక్ స్టీరింగుల్లో ఎక్కువగా వాడేది డెక్స్రాన్ రకం ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేరుబాక్సుల నూనె, ఎర్రగా ఉంటుంది. అయినా నీ బండి పుస్తకంలోనో, డబ్బా మూత మీదో ఏది రాసి ఉంటే అదే పొయ్యి.

ఇక అసలు విషయం. పవర్ స్టీరింగ్ పోవడమంటే స్టీరింగ్ పోవడం కాదు. చేతిలోని చక్రం నుంచి కడ్డీ, కడ్డీ నుంచి బాక్సు, బాక్సు నుంచి ఆర్మ్, టై రాడ్లు, చివరికి టైర్లు, ఈ వరసంతా ఇనుము. పవర్ అనేది ఈ వరసకు పక్కన నిలబడి తోసే మనిషి లాంటిది. బెల్టుతో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో బాక్సులోకి పంపుతుంది, నువ్వు ఎటు తిప్పితే అటు ఆ నూనె కూడా తోస్తుంది. చక్రం పూర్తిగా ఒక పక్కకు తిప్పి, అంటే ఫుల్ కట్‌లో పట్టుకున్నప్పుడు ఆ ఒత్తిడి 80, 100 బార్ల దాకా పోతుంది. నీ టైరులో ఉండే గాలి రెండు బార్లే, దాన్ని బట్టి ఊహించుకో. ఆ తోసే మనిషి పక్కకు తప్పుకుంటే బరువంతా నీ భుజాల మీద పడుతుంది, అంతే. టైర్లు మాత్రం నీ మాటే వింటాయి. ఇది మనసులో గట్టిగా ఉంటే ఆ క్షణంలో తప్పు పని చేయవు.

ఆ తప్పు పని నేను చేశాను కాబట్టి చెప్తున్నాను. 2009లో, శివరాత్రికి వారం ముందు, దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు ఘాట్ దిగుతున్నాను. బండిలో ఆరుగురం. ఒక మలుపు మొదట్లో పట్ మని చప్పుడు, స్టీరింగ్ రాయిలా అయింది, డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు ఎర్రగా వెలిగింది. ఇంజిన్‌కు ఏదో అయిందనుకుని తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాను. బండి దిగుడులో పోతూనే ఉంది. బ్రేకు రెండుసార్లు పనిచేసింది, మూడోసారి కాలు కింద గట్టి చెక్కలా నిలబడింది. రెండు కాళ్లతో తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు కాలువలోకి చక్రం దించితే ఆగింది. అవతలి వైపు కృష్ణ. ఆ రోజు బండిలో మా అక్క పిల్లలు ఇద్దరున్నారు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నాకు అరచేతులు చెమట పడతాయి.

తెగింది బెల్టు. ఆ బండిలో ఆల్టర్నేటర్, నీళ్ల పంపు, స్టీరింగ్ పంపు మూడూ ఒకే బెల్టు మీద తిరిగేవి. డీజిల్ ఇంజిన్‌లో బ్రేకు బూస్టర్‌కు, అంటే మన తొక్కుడుకు బలం కలిపే డబ్బాకు, కావాల్సిన వ్యాక్యూమ్ కోసం వేరే పంపు ఉంటుంది. కొన్ని డీజిల్ బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే, దాని కడ్డీ మీదే కూర్చుంటుంది. అంటే బెల్టు తెగిందంటే స్టీరింగ్ పవర్, చార్జింగ్, ఇంజిన్ చల్లదనం, బ్రేకు సాయం అన్నీ ఒకేసారి పోతాయి. నేను గేరు తగ్గించి బండిని నిదానించాల్సింది పోయి, ఇంజిన్ ఆపే పనిలో పడ్డాను. నీ బండిలో ఏ బెల్టు వేటిని తిప్పుతుందో, వ్యాక్యూమ్ పంపు ఎక్కడుందో ఈ వారమే బోనెట్ ఎత్తి చూసుకో. ఇది తెలియకుండా ఎవరూ ఘాట్ దిగకూడదని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి స్టీరింగ్ బరువెక్కిన క్షణంలో ఇంజిన్ ఆపకు. తాళం అసలే ముట్టుకోకు. కదులుతున్న బండిలో తాళం బయటికి తీస్తే స్టీరింగ్ లాక్ పడిపోతుంది, అప్పుడు నిజంగానే చేతిలో ఏమీ ఉండదు. యాక్సిలరేటర్ వదిలెయ్యి, ఒక గేరు తగ్గించు, రెండు చేతులూ చక్రానికి రెండు పక్కల పెట్టి భుజాలతో తిప్పు. బ్రేకును పంపు కొట్టినట్టు తొక్కకు. బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఒకేసారి గట్టిగా తొక్కి అలాగే పట్టుకో. వేళ్ల సంగతి కూడా గుర్తుంచుకో. బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టొద్దు, అంచు మీదే ఉంచు. పవర్ ఉన్నప్పుడు రాళ్ల దెబ్బను నూనె కొంత మింగుతుంది. అది లేనప్పుడు టైరు రాయికి తగిలితే చక్రం గిర్రున తిరిగి వస్తుంది, లోపల ఉన్న వేలు విరుగుతుంది.

బండి ఆగాక, బోనెట్ ఎత్తే ముందు, ఫోర్ వీల్ లివర్ చూడు. నువ్వు బండ నేల మీదికి వచ్చాకే గట్టిపడిందని రాశావు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. మన పాత జీపుల్లో ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలకు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పడుతుంది. బురదలో, ఇసుకలో టైరు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. బండ మీద, తారు మీద జారదు. అప్పుడు షాఫ్టులు మెలితిరిగినట్టు బిగుసుకుని స్టీరింగ్ గట్టిపడుతుంది. డిండి దగ్గర ఒకాయన ఇదే కారణంతో పంపు మార్చించుకుని, మార్చినా తగ్గలేదని మా దగ్గరికి వచ్చాడు. టూ వీల్‌లోకి మార్చి పది అడుగులు వెనక్కి నడిపితే వదిలింది. నీ బండికి ఎర్ర చుక్కలున్నాయి కాబట్టి నీది ఇదొక్కటే కాదు, అయినా రెండూ కలిసే అవకాశం ఉంది.

తర్వాత ముందు టైర్లు చూడు. గాలి తగ్గినా, రేగడి మట్టి టైరుకూ బాడీకీ మధ్య ముద్దలా పట్టుకున్నా బరువెక్కుతుంది. వానాకాలం మిర్యాలగూడ వైపు పొలం బాటల్లో దిగిన బండ్లకు గడ్డి, బురద కలిసి పుల్లీల దాకా చుట్టుకోవడం మామూలే.

అప్పుడు బోనెట్. బెల్టు ఉందా, వదులైందా, తడిసిందా? వాగులో నీళ్లు ఎగిరి బెల్టు తడిస్తే కీచుమని అరుస్తూ జారుతుంది, స్టీరింగ్ ఆగి ఆగి గట్టిపడుతుంది. అదైతే కొన్ని నిమిషాలు ఇంజిన్ నడిపితే ఆరి, తనంతట తానే సర్దుకుంటుంది. కీచు చప్పుడు బెల్టుది. నువ్వు చెప్పిన మూలుగు పంపుది, నూనెలో గాలి కలిసినప్పుడు వచ్చేది. ఈ రెండు చప్పుళ్లకూ తేడా పట్టుకోగలిగితే రోగం సగం తెలిసినట్టే. డబ్బా మూత తీసి చూస్తే నూనె సబ్బు నురగలా కనిపిస్తుంది. అంటే ఎక్కడో నూనె బయటికి పోతోంది, లేదా డబ్బా నుంచి పంపుకు పోయే పైపు దగ్గర గాలి లోపలికి వస్తోంది.

కారే చోటు వెతికేటప్పుడు పైపు మీద చెయ్యి వేసి తడమొద్దు. ఇంజిన్ నడుస్తుండగా సన్నని చీలిక నుంచి వచ్చే నూనె చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోయే ప్రమాదం ఉంది. అట్లా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి. అట్టముక్క అడ్డం పెట్టి చూడు, తడి ఎక్కడ పడితే అక్కడ. ఇంకొకటి, ఈ నూనె మండుతుంది. పైపు సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కనుంచి పోతూ కారుతుంటే, పొగ వస్తుంటే ఆ బండిని కదపకు.

పవర్ అసలు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్‌ను ఒక పక్కకు బిగించి పట్టుకో. అట్లాగే పట్టుకుని స్టార్ట్ చెయ్యి. చేతి కింద చక్రం మెత్తగా కదిలితే పంపు పనిచేస్తున్నట్టు. చక్రాలు గాలిలో లేపినప్పుడు కూడా గట్టిగానే ఉంటే తప్పు నూనెది కాదు. ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు, అంటే కింగ్ పిన్నో, బాల్ జాయింటో ఎండిపోయి ఉంటుంది, లేదా స్టీరింగ్ కడ్డీ మధ్యలో ఉండే జాయింటు తుప్పు పట్టి ఉంటుంది. నీళ్లలో ఎక్కువ తిరిగే బండ్లకు ఆ జాయింటు తరచూ పట్టేస్తుంది, చాలామంది దాని వైపే చూడరు.

వేడి వల్ల కూడా ఆగుతుంది. ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర బాటలో జీపులు ఎట్లా పోతాయో చూసే ఉంటావు. ఏప్రిల్ ఎండ, ఇరుకు బాట, ఎదురుగా బండి వస్తే ముందుకూ వెనక్కూ పదిసార్లు కట్ కొట్టాలి. ఒకసారి నేను రాళ్ల మధ్య ఫుల్ కట్‌లో పట్టుకుని బండిని ఎక్కించబోయాను, నూనె కాగి పల్చబడి స్టీరింగ్ మొద్దుబారింది. నీడలో ముప్పావు గంట ఆపితే మామూలైంది. అందుకే చివరిదాకా తిప్పాక వెంట్రుకవాసి వెనక్కి వదలాలి, ఐదారు క్షణాలకు మించి అక్కడ బిగించి పట్టుకోకూడదు. ఆగిన బండిలో తిప్పడం కంటే బండి పాకుతుండగా తిప్పడం అలవాటు చేసుకో. పవర్ లేని రోజున ఆ అలవాటే నిన్ను ఇల్లు చేరుస్తుంది, ఎందుకంటే చక్రం కొద్దిగా దొర్లుతున్నా బరువు సగానికి సగం తగ్గుతుంది.

ఇప్పుడు, అక్కడి నుంచి బండి నడపాలా వద్దా? ఆల్టర్నేటర్, నీళ్ల పంపు తిప్పే బెల్టు తెగితే నడపొద్దు. వేడికి ఇంజిన్ హెడ్ పోతుంది, బ్రేకు కూడా అనుమానమే. స్టీరింగ్ పంపుకు విడి బెల్టు ఉండి అది తెగితే నడపొచ్చు. నూనె మొత్తం కారిపోయి, విడి బెల్టు ఉన్న బండైతే ఆ బెల్టు తీసేసి నడుపు. నూనె లేకుండా తిరిగితే పంపు త్వరగా అరిగిపోతుంది. నూనె కొద్దిగానే తగ్గి, ఏటీఎఫ్ దొరక్కపోతే, తండాలో ట్రాక్టరు ఉన్న ఇంట్లో శుభ్రమైన హైడ్రాలిక్ ఆయిల్ అడుగు. అది మినరల్ నూనే కాబట్టి సీళ్లను బ్రేక్ ఆయిల్‌లా తినదు. ఇంటికి చేరాక కడిగేయాలి. నీళ్లు, బ్రేక్ ఆయిల్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. నీ స్నేహితుడు మంచి మనసుతోనే ఇచ్చాడు, ఆయన్ని ఏమీ అనకు, కానీ విషయం చెప్పు.

నడిపేటప్పుడు పట్టు దొరికే చోటల్లా టూ వీల్‌లో ఉంచు, ముందు టైర్లలో గాలి పుస్తకంలో చెప్పినంత నింపు, గంటకు ఇరవై దాటకు. బలమున్న మనిషి, ఆ బాట తెలిసిన మనిషి నడపాలి. మిగతావాళ్లు దిగి నడిస్తే బరువు కూడా తగ్గుతుంది. ఘాట్ దిగాల్సి వస్తే మాత్రం నా మాట విను, దిగొద్దు. బండి ఆపి సాయం పిలువు.

మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. సాయంత్రం అక్కడ ఆగిపోతే టార్చి పట్టుకుని బండి కింద దూరొద్దు. అద్దాలు ఎక్కించుకుని బండిలోనే కూర్చుని, పోయే బస్సునో లారీనో ఆపి చెక్‌పోస్టుకు కబురు పంపించు. అడవి లోపలి బాటల్లోకి సరదాకు బండి దించే ఆలోచన ఉంటే మానుకో, అది చట్టప్రకారం తప్పు, జంతువులకు చేటు. చందంపేట, నేరేడుగొమ్ము వైపు చెల్క బాటలు, గుట్టల బాటలు నీకు సరిపోతాయి. అక్కడ కూడా వాగు దిగే ముందు ఒకరు నడిచి లోతు చూడాలి.

కొత్త బండ్లలో ఎలక్ట్రిక్ స్టీరింగ్ వస్తోంది, వాటికి నూనె ఉండదు. స్టీరింగ్ లైటు వెలిగి గట్టిపడితే ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజు చూడాలి. రాళ్లలో ఎక్కువగా కట్ కొడితే మోటారు వేడెక్కి తనంతట తానే సాయం తగ్గించుకుంటుంది, చల్లారితే తిరిగొస్తుంది. బాటలో అంతకు మించి మన చేతిలో ఏమీ లేదు.

బండిలో ఒక లీటరు సరైన స్టీరింగ్ ఆయిల్, కొత్త బెల్టు, పైపు క్లిప్పులు నాలుగు, బెల్టు బిగించే సైజు పానాలు, అట్టముక్క, మంచి టార్చి పెట్టుకో. బెల్టు కొని పెట్టడమే కాదు, ఇంటి దగ్గర ఒకసారి నువ్వే మార్చి చూడు. చీకట్లో మొదటిసారి నేర్చుకోవడం కష్టం.

ఇక నీ మొదటి ప్రశ్న. పంపు, బాక్సు రెండూ మార్చాలని ఇప్పుడే ఒప్పుకోకు. నూనె తగ్గింది, గాలి చేరింది, పంపు మూలిగింది, స్టీరింగ్ గట్టిపడింది, ఇదంతా ఒక పైపు కారినా జరుగుతుంది. ముందు పైపులను, బాక్సును బయటివైపు డీజిల్‌తో కడిగి ఆరబెట్టించు. చెప్పినట్టు బ్రేక్ ఆయిల్ మొత్తం తీయించు, కారే పైపు మార్పించు, డబ్బా నుంచి పంపుకు పోయే పైపుకు కొత్త క్లిప్పులు వేయించు. తర్వాత చక్రాలు లేపి ఉంచే, ఇంజిన్ ఆపి, ఈ చివర నుంచి ఆ చివరకు ఓ ఇరవైసార్లు తిప్పిస్తూ నూనె నింపాలి. నురగ పోయాక స్టార్ట్ చేసి మళ్లీ మెల్లగా తిప్పాలి. గాలి పూర్తిగా పోకముందే పంపు చెడిపోయిందని చెప్పడం చాలాచోట్ల చూశాను.

ఆ తర్వాత ఊరి చుట్టుపక్కలే వంద కిలోమీటర్లు నడుపు. రోజూ ఉదయం చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం చూడు, రాత్రి బండి కింద అట్ట పరుచు. మూలుగు మిగిలితే పంపు విప్పించు. పైనుంచి కడ్డీ దిగే చోట గానీ, కింద ఆర్మ్ తగిలే చోట గానీ బాక్సు చెమ్మగిల్లితే దాని సీళ్లు పోయినట్టు. అప్పుడు కూడా కొత్త బాక్సు కొనే ముందు సీల్ కిట్ దొరుకుతుందేమో అడుగు. లోపలి పళ్లు బాగుంటే కిట్‌తోనే సరిపోతుంది.